సొంత సర్వర్ – ఆరో పాఠం: ఇరవై ఐదో తలుపుకు తాళం

పోయిన పాఠం చివర ఉత్తరాలు పంపే ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్ పెట్టుకుని, మీ జీమెయిల్‌కు ఒక పరీక్ష ఉత్తరం పంపమన్నాను. చాలామందికి అది చేరి ఉండదు. చేరదని ముందే చెప్పవచ్చు గానీ, ఒక పూట ఎదురుచూసి విసిగితే తప్ప ఈ పాఠం తలకెక్కదు.

సర్వర్‌లో మెయిల్‌క్యూ ఆదేశం ఇవ్వండి, వెళ్లకుండా ఆగిన ఉత్తరాల వరుసను అది చూపిస్తుంది. ఉత్తరం అక్కడే కూర్చుని ఉంటుంది, కింద ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అన్న ఫిర్యాదుతో. పోస్ట్‌ఫిక్స్‌కు ఓపిక ఎక్కువ. సెట్టింగు మార్చకపోతే ఐదు రోజులు ప్రయత్నించాకే చేతులెత్తేస్తుంది.

ఆ ఫిర్యాదులోని మాటలు జాగ్రత్తగా చదవండి. ‘రెఫ్యూజ్డ్’ అని ఉంటే ఎవరో జవాబిచ్చారు, ఆ పోర్టులో (పోర్టంటే సర్వర్‌కు అంకె వేసిన తలుపు, ఒక్కో సేవకు ఒక్కోటి) వినే ప్రోగ్రాము లేదన్నారు. ‘టైమ్డ్ అవుట్’ అంటే జవాబే లేదు. దారిలో ఏదో ఫైర్‌వాల్, అంటే రాకపోకలను వడకట్టే కాపలా, మీ ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తోందని అనుమానించాలి. తేల్చుకోవడానికి టెల్నెట్‌తో (పోర్టు పలుకుతుందో లేదో చూసే ఆదేశం) రెండు మూడు వేర్వేరు మెయిల్ సర్వర్ల 25వ పోర్టును తట్టండి. తరువాత ఏదైనా వెబ్‌సైటు 443ను, అంటే వెబ్ పేజీలు వచ్చే పోర్టును, తట్టండి. 443 వెంటనే పలికి, 25 అన్నిచోట్లా మూగబోతే తాళం దాదాపుగా మీకు సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ సంస్థ వేసినదే. ఇదే పరీక్షను ఇంటి ఇంటర్నెట్ నుంచి చేసి పోల్చుకోకండి. ఇళ్ల కనెక్షన్లకూ 25ను మూసి ఉంచే కంపెనీలు చాలా ఉన్నాయి.

ప్రత్యేకంగా 25 మీదే ఎందుకీ పగ? మెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు అది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎమ్‌టీపీ (ఉత్తరాలు చేరవేసే పద్ధతి) ప్రమాణంలో పంపేవాడు ఎవరో నిరూపించుకోవాలన్న షరతు లేదు. అప్పటి నెట్‌వర్క్ ఊరంతా ఒకరికొకరు తెలిసిన పల్లెలాంటిది. అందుకే ఈనాటికీ ముక్కూమొహం తెలియని సర్వర్ వచ్చి 25లో తట్టవచ్చు, ఉత్తరం ఇవ్వవచ్చు. సొంత ఖాతాతో ఉత్తరం అప్పగించడానికి 1998లో ప్రమాణంగా వచ్చిన 587వ పోర్టు సంగతి వేరు. అక్కడ మామూలుగా పేరు, పాస్‌వర్డు అడుగుతారు. తేడా వస్తే పట్టుకోవడానికి ఒక ఖాతా ఉంటుంది.

ఇప్పుడు హోస్టింగ్ సంస్థ కుర్చీలో కూర్చుని చూడండి. ఎవడో దొంగ కార్డుతో నిమిషాల్లో ఒక వర్చువల్ సర్వర్ తీసుకుంటాడు, రాత్రంతా స్పామ్ కొట్టి తెల్లారేసరికి మాయమవుతాడు. అతను వదిలిన ఐపీ చిరునామా మర్నాడు మీకు వస్తుంది, అతని అప్రతిష్ఠతో సహా. స్పామ్‌హౌస్ వంటి సంస్థలు నిర్వహించే నల్లజాబితాలో మొదట ఆ ఒక్క చిరునామా పడుతుంది. సంస్థ పట్టించుకోకపోతే చుట్టుపక్కల చిరునామాలూ, ఒక్కోసారి 256 ఉన్న వరుస మొత్తమూ చేరతాయి. పక్కవాటాలో బుద్ధిగా దుకాణం నడుపుకుంటున్న వాడి రసీదులు కూడా ఆగిపోతాయి. నాకూ ఒకసారి కొత్త సర్వర్ తీసుకున్న రోజే, ఒక్క ఉత్తరమైనా పంపకముందే, జాబితాలో ఉన్న చిరునామా దక్కింది.

పైగా అందరూ దొంగలు కారు. రెండేళ్లుగా అప్‌డేట్ చేయని వర్డ్‌ప్రెస్ ప్లగిన్ ఒక్కటి చాలు. దాని కన్నంలోంచి ఎవరో దూరి వేల ఉత్తరాలు పంపుతుంటే యజమానికి తెలియనే తెలియదు. 25 మూసి ఉంటే ఆ నష్టం సర్వర్ గడప దాటదు.

తాళం వేసే పద్ధతి తలో రకం. గూగుల్ క్లౌడ్‌లో బయటి చిరునామాలకు 25 మూసే ఉంటుంది. అమెజాన్‌లో కారణం రాసి అడిగితే తెరిచే అవకాశం ఉంది. హెట్జ్‌నర్ 25ను, మెయిల్ పంపే మరో పోర్టు 465ను మూసి, కొంతకాలం బిల్లు కట్టాక అడగమంటుంది. డిజిటల్ ఓషన్ 587ను కూడా మూస్తుంది. ఇది నాకు అతిగా కనిపిస్తుంది, పాస్‌వర్డు అడిగే తలుపుకు కూడా తాళమెందుకు? అమెజాన్ తన మెయిల్ సేవను అమ్ముకోవడానికే ఇదంతా చేస్తోందనేవారూ ఉన్నారు. అదే నిజమైతే అడిగినప్పుడు తెరవదు కదా.

బతిమాలి 25 తెరిపించుకున్నా పని అయిపోదు. ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (చిరునామా నుంచి పేరు చెప్పే రికార్డు) సరిపోవాలి, ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఎవరు పంపవచ్చో చెప్పే జాబితా) లేదా డీకిమ్ (ఉత్తరం మీద డిజిటల్ సంతకం) ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి చిన్నా పెద్దా తేడా లేకుండా జీమెయిల్ వీటిని అడుగుతోంది. నెలకు నాలుగు ఉత్తరాలు పంపే సర్వర్‌కు ఆ శ్రమ దండగని నా అభిప్రాయం. రిలే పెట్టుకోండి, అంటే మీ ఉత్తరాలను మీ తరఫున బయటికి పంపే మరో సర్వర్.

ఏదైనా మెయిల్ రిలే సేవలో ఖాతా తెరిచి, పోస్ట్‌ఫిక్స్ ప్రధాన సెట్టింగుల ఫైలులో ‘రిలేహోస్ట్’ వరుసలో వారి సర్వర్ పేరు, 587 రాయండి. పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టడం మరవకండి. లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎమ్ఎక్స్ రికార్డు (ఆ డొమైన్‌కు వచ్చే ఉత్తరాలు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) వెతుక్కుంటూ పోతుంది. ఎస్ఏఎస్ఎల్ లాగిన్‌నూ (రిలేకు పేరు, పాస్‌వర్డు ఇచ్చే పద్ధతి) ఎన్‌క్రిప్షన్‌నూ ఆన్ చేయండి. పాస్‌వర్డు ఫైలును రూట్ (సర్వర్ అధిపతి ఖాతా) తప్ప ఎవరూ చదవకుండా 600 అనుమతి ఇచ్చి, దాన్ని పోస్ట్‌ఫిక్స్ వాడుకునే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ నడపండి. 587 కూడా మూసి ఉన్నచోట 2525 ప్రయత్నించండి. అది అధికారిక పోర్టు కాదు గానీ చాలా రిలే సేవలు అక్కడా వింటాయి.

పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేసి, ‘ఫ్లష్’ ఆదేశం ఇచ్చి మీ పాత ఉత్తరాన్ని కదిలించండి. జీమెయిల్‌లో అది చేరాక ‘షో ఒరిజినల్’ నొక్కి, ‘రిసీవ్డ్’ వరుసల్లో జీమెయిల్‌కు ఉత్తరం అందించిన ఐపీ ఎవరిదో రాసి పెట్టుకోండి. మీ డొమైన్ పేరుతో ఉత్తరాలు పంపే అనుమతి ఆ చిరునామాకు ఎలా రాసివ్వాలో ఏడో పాఠంలో.