హస్కీయా, లాబ్రడారా, నాటు కుక్కా? ఉత్తరాంధ్ర ఇంటికి జాతిని ఎంచుకునే పద్ధతి

కుక్కపిల్ల కావాలనుకునేవారిలో చాలామంది ముందు ఫొటో చూసి మనసు పడతారు, ఇల్లూ వాకిలీ సంగతి తర్వాత ఆలోచిస్తారు. హస్కీ నీలికళ్లు, పగ్ ముడతల మొహం, జర్మన్ షెపర్డ్ నిక్కపొడిచిన చెవులు ఇట్టే పట్టేస్తాయి. అయితే చాలా జాతుల్ని ఏదో ఒక పని కోసం తరతరాలుగా ఏరి పెంచారు. మనకు నచ్చే గుణం ఆ పనిలోంచి పుట్టిందే కాబట్టి, కుక్కతో పాటు ఆ పనీ ఇంటికొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి ఉక్కపోత తోడవుతుంది. అందుకే ఏ జాతి విషయంలోనైనా రెండు ప్రశ్నలు ముందు వేసుకోండి: ఇది ఏ పనికి పుట్టింది? మన ఉక్కను తట్టుకుంటుందా?

ముందు ఉక్క సంగతి

మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా అరికాళ్ల మెత్తల్లోనే ఉంటాయి. ఒంటి వేడిని అది రొప్పుతూ, నాలుక మీది తడిని ఆవిరి చేసుకుంటూ తగ్గించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి త్వరగా ఆవిరి కాదు. కాబట్టి కళింగపట్నం వైపు 36 డిగ్రీలు, తేమ లేని ఊళ్లో 40 డిగ్రీల కన్నా కుక్కకు కష్టంగా ఉండొచ్చు. థర్మామీటర్ ఒక్కటే చూసి నిర్ణయించకండి.

తట్టుకోలేనివి రెండు రకాలు. మొదటిది చప్పిడి ముక్కువి: పగ్, బుల్‌డాగ్, షిట్జూ. ముక్కురంధ్రాలు సన్నగా ఉండి, అంగిలి వెనక కండ గాలికి అడ్డం పడుతుంది, రొప్పడమే వీటికి పెద్ద పని. రెండోది మరీ దట్టమైన రెండు పొరల బొచ్చున్నవి: హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటివి. వేసవిలో బొచ్చు గొరిగించేస్తే సరిపోతుందని కొందరు అంటారు. అది పొరపాటు. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. గొరిగితే చర్మం కమిలిపోవడమే కాదు, బొచ్చు మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చు కూడా. దువ్వెనతో లోపలి పొరను తీయించడం సరైన పద్ధతి.

"ఏసీ ఉందిగా" అనేవారికి ఒక్క మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో కరెంటు లేక రోజులు గడిచాయి. ఏసీ లేనిదే బతకలేని కుక్కను పెంచితే ఇన్వర్టర్, టేబుల్ ఫ్యాన్, తడి బండలున్న గది కూడా ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

మనసు పడే జాతులు, వాటి వెనకున్న పని

లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల దగ్గర పెరిగిన కుక్కలు. నీళ్లలోంచి వస్తువును నోట కరిచి తేవడం వాటి పని. అందుకే లాబ్ చెప్పులు, రిమోట్, తువ్వాలు అన్నీ నోటికెత్తుకుంటుంది. మొదటి రెండేళ్లు కొరుకుడు తప్పదు. ఎవరినైనా కలుపుకొనిపోయే స్వభావం కాబట్టి పిల్లలున్న ఇంటికి బాగుంటుంది, కాపలాకు మాత్రం పెద్దగా పనికిరాదు. తిండి దగ్గర దానికి అదుపు లేదు. ఆకలి తీరిందని చెప్పే పీఓఎంసీ అనే జన్యువులో లోపం దాదాపు నాలుగో వంతు లాబ్‌లలో ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. అది దీనంగా చూస్తే ఆకలేసిందని కాదు. కొలత ప్రకారమే పెట్టండి. పక్కటెముకలు కంటికి కనపడకుండా, చేత్తో తడిమితే తగిలేలా ఉంటే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. నీడ, నీళ్లు ఉంటే మన వాతావరణంలో లాబ్ నెగ్గుకొస్తుంది. గోల్డెన్ రిట్రీవర్ స్వభావమూ ఇంతే గానీ, ఆ పొడుగు బొచ్చుకు రోజూ దువ్వెన పడాలి. వానాకాలంలో తడి ఆరకపోతే చర్మం పుండ్లు పడుతుంది.

జర్మన్ షెపర్డ్ గొర్రెల మంద కాసిన కుక్క. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఈ జాతికి సంఘం పెట్టి రూపం స్థిరపరిచాడు. కనిపెట్టుకుని ఉండటం దాని రక్తంలో ఉంది. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో గదిలో ఉంటే అది గుమ్మంలో పడుకుని అందరినీ లెక్కపెడుతుంది. తెలివైనది, పని లేకపోతే తనే కల్పించుకుంటుంది: పాలవాడి మీద మొరగడం, బండ్ల వెంట పడటం. రోజుకు గంట నడక, పదిహేను నిమిషాల శిక్షణ ఇవ్వగలిగితేనే తీసుకోండి. కొనేటప్పుడు తల్లిదండ్రుల నడక చూడండి. వెనకకాళ్లు ఊగుతూ, నడుం మరీ ఏటవాలుగా ఉంటే పిల్లకు తుంటి కీళ్ల జబ్బు రావచ్చు.

రాట్‌వైలర్, డాబర్‌మన్ కొనేవారిలో సగం మందికి కావలసింది వీధిలో హోదా. రాట్‌వైలర్ జర్మనీలో పశువులు తోలిన, కసాయివాళ్ల బళ్లు లాగిన కుక్క. డాబర్‌మన్‌ను పందొమ్మిదో శతాబ్దం చివర్లో పన్నులు వసూలు చేసే ఒకతను తన రక్షణకు తయారు చేశాడు. మూడు నెలలు రాకముందు నుంచే కొత్త మనుషులు, పిల్లలు, గొడుగులు, ఆటోలు అలవాటు చేయకపోతే వీటిని తర్వాత పట్టుకోవడం కష్టం. గొలుసుకు కట్టి పెంచితే అసలే కుదరదు. కట్టేసి ఉంచిన కుక్క కాపలా కుక్క కాదు, భయపడే కుక్క. భయపడే కుక్కే కరుస్తుంది.

హస్కీ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి: ఈ రెండు జిల్లాల్లో వద్దు. సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బళ్లు లాగించడానికి పెంచుకున్న జాతి ఇది. పరిగెత్తడం, ఊళ పెట్టడం, గోడ కింద తవ్వి పారిపోవడం దాని స్వభావం. మన వేసవిలో పరిగెత్తలేదు, పరిగెత్తకుండా ఉండలేదు.

పగ్‌లు 2003 నాటి హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనతో మన ఇళ్లలోకి విరివిగా వచ్చాయి. ఒళ్లో కూర్చోవడానికే పెంచిన కుక్క కాబట్టి ఫ్లాట్‌కు, పెద్దవాళ్లకు తోడుగా బాగానే ఉంటుంది. రోజూ మొహం ముడతల మధ్య తడిగుడ్డతో తుడిచి పొడిగా ఆరబెట్టాలి. ఉబికిన కళ్లు కనుక కన్ను ఎర్రబడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పడుకున్నప్పుడు ముద్దొచ్చే ఆ గురక ఊపిరి అందక వచ్చేదని మరిచిపోవద్దు.

పొమరేనియన్ పేరుతో మన దగ్గర అమ్మేవి ఎక్కువగా ఇండియన్ స్పిట్జ్‌లు. బొచ్చు ఎక్కువే అయినా తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవి, ఒళ్లు చిన్నది. పైగా గేటు చప్పుడైతే చాలు, వీధి వీధంతా లేపుతుంది. కాపలా కావాలి, పెద్ద కుక్క వద్దు అనుకునేవారికి ఇదే సరి.

ఇక మన దేశపు వేట జాతులు: తమిళనాడు నుంచి రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా నుంచి ముధోల్. పొట్టి బొచ్చు, సన్నని ఒళ్లు, పొడుగు ముక్కు, ఎండకు తగ్గ కట్టుబడి. అందం కూడా తక్కువేం కాదు. కానీ ఇవి కంటితో చూసి తరిమే కుక్కలు. పల్లెలో పక్కింటి కోళ్లు, మేకపిల్లలు కనపడితే మీ పిలుపు వినిపించదు, నష్టపరిహారం మాత్రం మీదే. ఆరడుగుల ప్రహరీ, పరిగెత్తడానికి కంచె వేసిన జీడితోటో కొబ్బరితోటో ఉన్నవారికి వీటిని మించినవి లేవు. తెల్ల రాజపాళయంలో చెవుడు ఉండొచ్చు. పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి తాళాల గుత్తి ఆడించి చూడండి.

నాటు కుక్కను ఎవరూ కలల కుక్క అనరు, అనాలి. ఈ ఉక్కలో, ఈ వానల్లో బతికి నిలిచినవాటి సంతానం అది. వీధిలో పుట్టిన పిల్లను తల్లిపాలు మానాక తెచ్చుకుని టీకాలు వేయిస్తే కాపలాకూ, తోడుకూ సరిపోతుంది.

కొనేటప్పుడు

2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారుకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. నెల పిల్లనే చేతిలో పెట్టి "త్వరగా అలవాటవుతుంది" అనేవాడి దగ్గర కొనకండి. తల్లి, తోబుట్టువుల దగ్గర గడపాల్సిన ఆ నాలుగు వారాల్లోనే ఎంత గట్టిగా కొరకకూడదో పిల్ల నేర్చుకుంటుంది.

"డబుల్ బోన్", "హెవీ బోన్", "టీకప్" అనేవి అమ్మేవాళ్ల మాటలు. ఎముకలు రెట్టింపు ఉండే జాతి ఏదీ లేదు. జాతి కాగితాలంటే చెన్నైలో ప్రధాన కార్యాలయం ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అంటే కాగితాలు లేనట్టే లెక్కేసి బేరమాడండి.

తల్లిని పెంచే చోటే చూడాలని పట్టుపట్టండి. పిల్ల చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోతే నులిపురుగులో, గోమార్లో రక్తం తాగుతున్నట్టు. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే పురుగులు. బొడ్డు దగ్గర మెత్తని ఉబ్బు ఉంటే హెర్నియా. తోక ఎత్తి చూడండి, విరేచనం అంటుకుని ఉంటే వదిలేయండి. టీకా కార్డులో మందు సీసా స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం మూడూ ఉండాలి. ఉత్త టిక్కు మార్కులు చెల్లవు.

దూరం నుంచి బస్సులో, రైల్లో పార్సిల్‌గా వచ్చే పిల్లలతో పెద్ద ప్రమాదం పార్వో అనే పేగుల జబ్బు. వైరస్ సోకాక మూడు నుంచి ఏడు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. అందుకే వచ్చిన రోజు గంతులేసిన పిల్ల అయిదో రోజు వాంతులు, నెత్తుటి విరేచనాలతో పడిపోతుంది. ఆ స్థితిలో మజ్జిగ, గంజి అంటూ ఇంట్లో కాలయాపన చేయొద్దు, వెంటనే సెలైన్ ఎక్కించాలి. రాట్‌వైలర్, డాబర్‌మన్ పిల్లలకు ఇది మరీ తీవ్రంగా వస్తుంది. పార్వో కుక్క పోయిన ఇంట్లోకి కొత్త పిల్లను వెంటనే తేవద్దు, వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. ఫినాయిల్‌ను నమ్ముకోకండి. బండల్ని ముందు కడిగి, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలు నాననివ్వాలి.

మొదటి నెలలు

పార్వోకూ, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుకూ కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ముందు టీకాను పనిచేయనివ్వకపోవచ్చు, అందుకే చివరి డోసు ముఖ్యం. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా. జులై 6 జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. మన వానాకాలానికి ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరా టీకా కూడా అడగండి. పెద్ద సమస్య వస్తే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

నులిపురుగుల మందు మూడు నెలల వరకు రెండు వారాలకోసారి, ఆరు నెలల వరకు నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి తూచి వేయాలి.

తిండి మూడు నెలల వరకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు, ఆపైన రెండుసార్లు. పెరుగన్నం, చోడి అంబలి కడుపు నింపుతాయి గానీ కండకు చాలవు. ముప్పై కిలోల పెద్ద లాబ్‌కు ఇంటి వంటైతే రోజుకు ఎముకలు తీసిన కోడిమాంసం 350 గ్రాములు, బియ్యం 150 గ్రాములు, ఒక గుడ్డు, ఉడికిన క్యారెట్టో బీన్సో సుమారు కొలత. కాల్షియం, ఖనిజాల సంగతి డాక్టరును అడిగి కలపాలి. పెద్ద జాతి పిల్లలకు సొంతంగా కాల్షియం సీసాలు తాగిస్తే ఎముకలు వంకరపోతాయి. ప్యాకెట్ తిండైతే 300 నుంచి 350 గ్రాములు, అంటే నెలకు పది కిలోలు. కొనకముందే ఆ పది కిలోల ధర కనుక్కుని మీ నెల ఖర్చులో వేసి చూడండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ.

వేసవి, గోమార్లు

మార్చి నుంచి జూన్ దాకా నడక ఉదయం ఆరులోపు, రాత్రి ఏడు దాటాక. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించకండి. నాలుక ముదురు ఎరుపెక్కి, జొల్లు చిక్కగా కారుతూ, అడుగు తడబడితే వడదెబ్బ. కుక్క మామూలు వేడి 38 నుంచి 39.2 డిగ్రీలు, 41కి చేరితే ప్రాణాపాయం. ముందు చల్లార్చి తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాలి: నీడలోకి తెచ్చి, పొట్ట, తొడల సందుల్లో కుళాయి నీళ్లు ధారగా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. 39.5కి దిగగానే నీళ్లు ఆపేయాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడుతుంది.

కుక్క మీద కనిపించే గోమార్లు కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, మంచం కోళ్లలో, గూటి చెక్కల్లో ఉంటాయి. ఒక్క ఆడ గోమారి వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మూడు వారాల్లో మళ్లీ వస్తాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, పక్కగుడ్డలు వేడినీళ్లలో ఉడకబెట్టండి. పశువులకు వాడే గోమారి మందును అదే చిక్కదనంతో కుక్కకు రాయకండి, నాకి విషమెక్కుతుంది. గోమార్లకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందు కోలీ జాతికీ, కొన్ని జర్మన్ షెపర్డ్‌లకూ ప్రాణం మీదికి తెస్తుంది. తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా గోమారి జ్వరమని అనుమానించి ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.