ఆప్ ఆంప్‌తో డిఫరెన్స్ యాంప్లిఫయర్: అసలు పని రెసిస్టర్ల దగ్గరే

డిఫరెన్స్ యాంప్లిఫయర్ అంటే రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను మాత్రమే పెంచి ఇచ్చే సర్క్యూట్. ముందు గెయిన్, అంటే ఆ తేడా ఎన్ని రెట్లు పెరగాలో, తేల్చుకోండి. 10 కావాలంటే ఇన్వర్టింగ్ (−) వైపు ఇన్‌పుట్ రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లు, ఫీడ్‌బ్యాక్‌ది 100 కిలో ఓమ్‌లు. నాన్ ఇన్వర్టింగ్ (+) వైపు కూడా అచ్చం అదే జత, 10 సిగ్నల్‌కి సిరీస్‌లో, 100 గ్రౌండ్‌కి.

ఈ రెండు నిష్పత్తులు సరిగ్గా కలవాలి, ఇక్కడ మాత్రం దయచేసి రాజీ పడొద్దు. గెయిన్ 1 ఉన్న సర్క్యూట్‌లో 1% టాలరెన్స్ (విలువలో ఉండగల తేడా) రెసిస్టర్లు వాడితే, ఆప్ ఆంప్ ఎంత మంచిదైనా సరే, కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు ఇన్‌పుట్‌లకూ ఒకేలా వచ్చే వోల్టేజ్‌ని అణిచే సామర్థ్యం) 34 డెసిబెల్స్‌కి పడిపోవచ్చు, అదే 0.1% అయితే కనీసం 54 దక్కుతుంది. సోర్స్ ఇంపెడెన్స్ (సిగ్నల్ ఇచ్చే మూలానికి సొంతంగా ఉండే నిరోధం) కూడా ఇన్‌పుట్ రెసిస్టర్‌కి కలిసిపోతుంది కాబట్టి అది ఎక్కువగా ఉంటే ముందు రెండు బఫర్లు (సోర్స్‌పై భారం పడకుండా సిగ్నల్‌ని అలాగే దాటించే సర్క్యూట్‌లు) పెట్టండి.

చివరగా రెండు ఇన్‌పుట్‌లూ కలిపి ఒకే వోల్టేజ్ ఇచ్చి, దాన్ని మార్చి చూడండి. అవుట్‌పుట్ బాగా కదిలిందంటే నిష్పత్తి తప్పినట్టే.