చెట్టుకప్ప నురగగూడును కాపాడటం ఎలా

వానాకాలంలో నీళ్లతొట్టి గోడకో, నీటిమీదికి వంగిన కొమ్మకో తెల్లని నురగముద్ద కనిపిస్తే దయచేసి కడిగేయకండి. అది మచ్చల చెట్టుకప్ప గూడు. ఆడకప్ప వెనకకాళ్లతో చిలికి నురగ చేసి అందులో గుడ్లు పెడుతుంది. పైపొర ఆరి గట్టిపడి లోపలి తేమను కాస్తుంది, కాబట్టి పుల్లతో పొడవొద్దు.

కొద్దిరోజుల్లో తోకకప్పలు కిందికి జారతాయి. కింద నీళ్లు ఎండిపోయేలా ఉంటే వెడల్పాటి టబ్బు పెట్టి, 15 సెంటీమీటర్ల లోతు వాననీళ్లు పోయండి. కుళాయి నీళ్లైతే ఒకరోజు ఆరుబయట ఉంచాకే పోయాలి, క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. చేపలు వద్దు, పిల్లల్ని మింగేస్తాయి. తోకకప్పలన్నీ నీళ్లలోకి జారాక, దోమలు గుడ్లు పెట్టకుండా పైన దోమతెర కట్టండి. మేతగా ఉడికించిన పాలకూర చిటికెడు చాలు. మిగిలింది మర్నాడే తీసేయండి, కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది.

అసలు ప్రమాదం చివర్లో. ముందుకాళ్లు వచ్చేసరికి అవి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి. పైకెక్కే దారి లేకపోతే మునిగి చచ్చిపోతాయి. నీళ్లు సగానికి తగ్గించి, గరుకు కర్రను అంచుదాకా ఏటవాలుగా ఆనించి, తెర తీసేయండి. తోక కరిగే ఆ రోజుల్లో మేత అక్కర్లేదు. సబ్బు, దోమల మందు అంటిన చేతులతో మాత్రం తాకొద్దు, వాటి చర్మం ఇట్టే పీల్చేసుకుంటుంది.