డాక్టర్ చెప్పిన జబ్బు పేరు మీకు సరిపోతలేదనిపిస్తే ఏం చేయాలె

థెరపిస్టో సైకియాట్రిస్టో మీకు ఒక పేరు చెప్పిన్రు, డిప్రెషన్ అనో బైపోలార్ అనో బార్డర్‌లైన్ (పర్సనాలిటీ డిజార్డర్ల ఒక రకం) అనో, ఇంటికొచ్చి దాని గురించి చదివితే అది మీ కథ లెక్కనే లేదు. గప్పుడు మనోళ్లు ఎక్కువ మంది రెండే పనులు చేస్తరు, అయితే సప్పుడు చేయకుండ గోలీలు మింగుతరు, లేకుంటే మళ్లా ఆ దవాఖాన గడప తొక్కరు. ఏది చేసినా నష్టపోయేది మీరే. కాదని చెప్పే హక్కు మీకు పూర్తిగ ఉంది, కాకపోతే పేరు మీద కొట్లాడొద్దు, ఏం చూసి ఆ పేరు పెట్టిన్రో దాని మీద మాట్లాడాలె.

అన్నిటికంటే ముందు గోలీల సంగతి. డయాగ్నోసిస్, అంటే డాక్టరు తేల్చిన జబ్బు పేరు, నచ్చలేదని మీ అంతట మీరు బంద్ పెట్టకుండ్రి. ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ గోలీలు ఒక్కసారే ఆపితే తల తిరుగుడు, తలల కరెంట్ కొట్టినట్టు జుమ్మనుడు, నిద్ర పట్టకపోవుడు ఉండొచ్చు, ఆందోళనకిచ్చే క్లోనాజెపామ్ చాన రోజులు వాడి ఠక్కున ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, బైపోలార్‌కిచ్చే లిథియం ఆపితే మేనియా (హుషారు హద్దు దాటుడు) తిరగబెట్టొచ్చు. అట్లయితే ఇంట్లోళ్లు, డాక్టరు అందరు జబ్బు ముదిరిందనే అంటరు, ఇగ మీ మాట ఎవరు ఇంటరు? ఆపాలన్నా తగ్గియ్యాలన్నా డాక్టరుతోనే మాట్లాడి మెల్లమెల్లగ చేయాలె.

తర్వాత మీ చిట్టీ తీసి మంచిగ చూడుండ్రి. జబ్బు పేరు ముందల ప్రశ్న గుర్తు ఉందా, "ప్రొవిజనల్" అని ఉందా? ఉంటే డాక్టరుకు కూడా అది ఇంకా ఖాయం కాలేదన్నట్టు. కొందరు పేరు రాయరు, కోడ్ రాస్తరు, ఎఫ్32 అంటే డిప్రెషన్, ఎఫ్31 అంటే బైపోలార్, ఎఫ్41.1 అంటే ఎప్పటికీ వదలని ఆందోళన, ఎఫ్43.2 అంటే ఏదన్న పెద్ద దెబ్బ తగిలినంక తట్టుకోలేకపోవుడు. చాన మంది కాదంటున్నది డాక్టరు రాసినదాన్ని కాదు, బయట కాంపౌండరో చుట్టమో చెప్పినదాన్ని.

పేరు పెట్టినామె లేదా ఆయన ఎవరో కూడా చూడాలె. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద ఎండీనో డీపీఎమ్మో చేసినోళ్లు, గోలీలు వాళ్లు రాస్తరు. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్నోళ్లు, వాళ్లు టెస్టులు పెట్టి డయాగ్నోసిస్ చెప్పొచ్చు. ఈ రెండూ కాకుండ చిన్న కోర్సు చేసి కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నోళ్లు మీకు పర్సనాలిటీ డిజార్డర్ అని చెప్తే దాన్ని మనసుకు తీసుకోకుండ్రి, రిజిస్ట్రేషన్ నంబర్ అడగుండ్రి, అడిగితే తప్పేం లేదు.

ఇగ అసలు పని. ఒక నోట్‌బుక్ పెట్టుకొని రెండు మూడు వారాలు రోజుకు రెండు లైన్లు రాయుండ్రి. "నాకు మంచిగ లేదు" అని కాదు, గిట్ల: "మంగళవారం, రాత్రి రెండింటికి పన్న, ఆరింటికే మెలకువొచ్చింది, పొద్దుగాల ఏం తినబుద్ధి కాలే, సాయంత్రం చెల్లె ఫోన్ చేస్తే నవ్విన, షాపుకు పోలే." ఇది డాక్టరుకు మస్తు పనికొస్తది. ఎందుకంటే డిప్రెషన్ అనాలంటే కనీసం రెండు వారాలు రోజులో ఎక్కువ సేపు అట్లనే ఉండాలె, బైపోలార్‌ల హుషారెక్కే దశ అంటే నాలుగైదు రోజులన్నా నిద్ర లేకున్నా అలసట లేకుండ, మాట ఆగకుండ, పైసలు నీళ్ల లెక్క ఖర్చు పెట్టుడు లాంటివి కనబడాలె. మనం దిగాలుగ ఉన్నప్పుడే దవాఖానకు పోతం, హుషారుగ ఉన్న రోజులను జబ్బనుకోం కాబట్టి చెప్పం, గందుకే బైపోలార్ ఉన్నోళ్లకు కూడా మొదట డిప్రెషన్ అని రాసుడు మస్తు జరుగుతది. అట్లనే థైరాయిడ్, బీ12, రక్తం తక్కువుండుడు కూడా అచ్చం డిప్రెషన్ లెక్కనే కనబడొచ్చు, ఆ టెస్టులు ఎవరూ రాయకుంటే మీరే అడగుండ్రి.

ఇంకోటి, మన దిక్కు డాక్టరు రూంలకు పేషెంటుతోటి నలుగురు పోతరు, అవ్వనో భర్తనో అత్తనో ముందు మాట్లాడుతరు, పేషెంటు కింద చూసుకుంట కూసుంటది. పెండ్లి వద్దన్న పిల్లను, అత్తగారింట్ల కొట్లాడిన కోడలిని "కోపం ఎక్కువ, మాట ఇనదు" అని చెప్తే చిట్టీ మీద పడేది వాళ్ల కథ, మీది కాదు. గిది నాకు మస్తు బాధనిపించే విషయం. "మేడం, ఒక ఐదు నిమిషాలు మావోళ్లు బయట కూసుంటే నేను మాట్లాడుత" అని ధైర్యంగ అడగుండ్రి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంల కూడా ఉంది, ఊరి కట్టుబాట్లకు, మత నమ్మకాలకు ఒదుగుతలేరని ఒకరికి మానసిక జబ్బుందని తేల్చొద్దు.

దేవుని సంగతి కూడా గిట్లనే. మేడారంల, కొమురవెల్లి మల్లన్న కాడ, బోనాలప్పుడు శిగమూగుడు మనకు కొత్తనా? పెత్రమాస నాడు చచ్చిపోయిన నాయిన ఇంట్లనే తిరుగుతున్నట్టు అనిపించిందంటే మనింట్ల ఎవరూ భయపడరు. గదే మాట బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌ల మాట్లాడే థెరపిస్టుకు చెప్తే వేరే తీరుగ అర్థం చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టు ఐసీడీ-11ల కూడా సమాజం ఒప్పుకున్న మతాచారంల భాగంగ వచ్చే పూనకాన్ని జబ్బు కింద లెక్కపెట్టొద్దనే ఉంది. కాబట్టి పూర్తిగ చెప్పుండ్రి, మా ఇంట్ల పెద్దల నుంచి ఉంది, జాతరప్పుడే వస్తది, తెల్లారి పనికి పోత అని. అదే జాతర లేకున్నా వస్తుంటే, పని ఆగుతుంటే, దెబ్బలు తాకుతుంటే మాత్రం దేవుని మీద నెట్టి దాచకుండ్రి.

మాట్లాడేటప్పుడు "మీరు తప్పు చెప్పిన్రు" అని షురూ చేయొద్దు. "సార్, మీరు బైపోలార్ అన్నరు, నాల ఏం చూసి అన్నరో చెప్పుండ్రి, ఈ రెండు నాకు సరిపోతలేవు, ఇగో నేను రాసుకున్నది" అని నోట్‌బుక్ ముందర పెట్టుండ్రి. ఇంకా ఏమేం అనుకొని వద్దనుకున్నరు, ఏం కనబడితే ఈ పేరు మారుస్తరు అని కూడా అడగాలె. మంచి డాక్టరు దీనికి జవాబిస్తరు. ఓపీల జనం ఎక్కువుండి టైం ఇయ్యకుంటే ఇంకో రోజు రమ్మంటరా అని అడగుండ్రి. కసురుకుంటే మాత్రం వేరే డాక్టరును చూసుకునుడే.

ఇంట్ల మీరు నమ్మే ఒక్కరిని కూడా అడిగి చూడుండ్రి, నాల మార్పు నీకు ఎప్పటి నుంచి కనబడుతుందని. కొన్ని జబ్బులల్ల ఉన్నోళ్లకే తెల్వదు, మీరు చాన మంచిగున్న అనుకునే టైంలనే పక్కోళ్లు భయపడుతుండొచ్చు. చచ్చిపోవాలనిపిస్తున్నా, చెవుల మాటలు వినబడి ఏదన్న చేయమంటున్నా, రోజుల తరబడి నిద్రే లేకున్నా ఈ పంచాయితీ అంతా పక్కన పెట్టి ఆ రోజే దవాఖానకు పోవాలె. ఇంటికాడ ఎవరితోనన్న మాట్లాడాలంటే సర్కారు ఫోన్ లైన్ టెలీమానస్ 14416, తెలుగులనే మాట్లాడుతరు, ఫ్రీ.

సెకండ్ ఒపీనియన్‌కు వరంగల్ ఎంజీఎంల సైకియాట్రీ ఓపీ ఉంది, కాజీపేటల బండెక్కితే హైదరాబాద్ ఎర్రగడ్డల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. పాత చిట్టీలు తారీఖుల ప్రకారం సర్దుకొని, రక్త పరీక్షలు, నోట్‌బుక్ పట్టుకొని పోవాలె. ముందుగాల పాత పేరు చెప్పకుండ మీకు ఏమైతుందో చెప్పుండ్రి, ఆయన అడిగినంక ఫైలు చూపియ్యుండ్రి, వాడుతున్న గోలీలు మాత్రం మొదటి మాటలనే చెప్పాలె. పాత దవాఖానల మీ రికార్డులు అడిగే హక్కు 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 25వ సెక్షన్ల ఉంది. మీకో ఇంకొకరికో హాని అనుకుంటే కొంత సమాచారం ఆపొచ్చు, అట్ల ఆపితే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని మీకు చెప్పాలె.

ఇద్దరూ అదే పేరు చెప్తే మూడో డాక్టరు కోసం ఉరకకుండ, చెప్పిన వైద్యం ఎన్ని వారాలు చూడాలె, ఏం తగ్గితే పని చేసినట్టు అని అడిగి, మళ్లా చూసే తారీఖు చిట్టీ మీద రాయించుకోండ్రి. పేరు మారితే ఆ మార్పును ఫైల్ల తారీఖు వేసి రాయమని చెప్పుండ్రి, పాత గోలీలు ఎట్ల తగ్గియ్యాలె, కొత్తవి ఎప్పుడు మొదలు పెట్టాలె అన్నది ఒకే కాగితం మీద తీసుకోండ్రి, ఒక జిరాక్స్ పాత థెరపిస్టుకు కూడా ఇయ్యుండ్రి.