నేషనల్ పార్క్ పక్కన కొండ ఊళ్ళోకి మారుతున్నారా? ముందు నీళ్ళ లైన్ సంగతి కనుక్కోండి

కొండ మీద చిన్న ఊరు, ఓ ముప్పై నలభై గడపలు, పక్కనే నేషనల్ పార్క్ హద్దు రాయి, పొద్దున తలుపు తీస్తే మబ్బులు మన కాళ్ళ కింద... ఇలాంటి చోట కాపురం పెట్టేద్దాం అనుకునేవాళ్ళు వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని బాగా ఎక్కువయ్యారు. మేమూ ఆ బాపతే. వెళ్ళేముందు సిగ్నల్ వస్తుందా, కరెంట్ ఎన్నిసార్లు పోతుంది, దగ్గర్లో డాక్టర్ ఎక్కడ అని వంద ప్రశ్నలు అడిగాం గానీ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఆ లైన్ ఎవరు చూస్తారు అని మాత్రం అడగలేదు. ముందు అడగాల్సిందే అది. అలాంటి ఊళ్ళో నీళ్ళు, కాలిబాట, చెత్త, అడవి జంతువుల గొడవ, చాలావరకు ఊరే చూస్కోవాలి, ఊరంటే మీరు కూడా. ఇల్లు కొన్నంత మాత్రాన ఊళ్ళోవాళ్ళు అయిపోరు, పార పట్టుకుని నలుగురితో పాటు ఊట దగ్గరికి ఎక్కిన రోజు అవుతారు. మిగతా రోజుల్లో మీరు ఎక్కువ రోజులు ఉండిపోయిన టూరిస్టే.

మొదటి ఆరు నెలలు సలహాలు ఇవ్వకండి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్లేదు. వచ్చిన రెండో వారంలోనే దారి పొడుగునా సోలార్ లైట్లు పెట్టిద్దాం అని నేను మీటింగ్‌లో లేచి మాట్లాడా, అందరూ తలూపారు, ఏమీ జరగలేదు. లైట్లు అంతకుముందే ఓసారి పెట్టారట, బ్యాటరీలు పోతే మార్చే దిక్కు లేక ఉత్త స్తంభాలు మిగిలాయట, వాటిలో ఒకదానికే నేను బట్టలారేసుకునే తాడు కట్టుకున్నానని తర్వాతెప్పుడో తెలిసింది. అందుకని ముందు అడగండి. ఊరుమ్మడి పనులు ఏ నెల్లో ఏం ఉంటాయి, ఇంటికి ఎంతమంది రావాలి, రాలేకపోతే బదులు మనిషిని పంపాలా డబ్బు కట్టాలా. మామూలుగా వానలకి ముందు కాలవలు తీయడం, వానల తర్వాత బాట బాగు చేయడం, ఎండలు ముదిరేలోపు ఇళ్ళకీ అడవికీ మధ్య ఎండుగడ్డి కోసేసి మంట దాటకుండా ఖాళీ పట్టీ చేయడం, మధ్యమధ్యలో నీళ్ళ ట్యాంకు కడగడం, ఇవి ఉంటాయి. ఈ తేదీలకి ఊళ్ళో ఉండేలా మీ ప్రయాణాలు పెట్టుకోండి.

ఇప్పుడు నీళ్ళు. కొండ ఊళ్ళలో ఎక్కువగా మోటర్లుండవు, పైన ఎక్కడో ఊట ఉంటుంది, దాని చుట్టూ చిన్న కాంక్రీట్ పెట్టె కట్టి పైపు తగిలిస్తారు, పల్లానికి నీళ్ళు వాటంతటవే వస్తాయి. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ పది మీటర్లు కిందకి దిగితే పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి దగ్గర దగ్గర ఒక కేజీ పెరుగుతుంది, అంటే ఊటకి వంద మీటర్ల కింద ఉన్న ఇంట్లో కుళాయి ఊడొచ్చేంత జోరు, అదే ఊటకి దగ్గర్లో ఎత్తు మీద ఉన్న ఇంట్లో సన్న ధార. అందుకే మధ్యలో ఒత్తిడి తెగ్గొట్టే చిన్న తొట్లు కడతారు, ఆ తొట్ల మూతలు ఎత్తకండి, వాటిలో నీళ్ళు నిండగానే పైపు మూసేసే ఫ్లోట్ వాల్వులు ముట్టుకోకండి. కింది ఇళ్ళవాళ్ళు కుళాయి వదిలేస్తే పై ఇళ్ళవాళ్ళకి చుక్క రాదు, ఇది గుర్తుంచుకుంటే సగం తగాదాలు ఉండవు.

లైన్‌కి నేరుగా మోటర్ బిగించొద్దు. నేను బిగించా. చిన్నదే కదా, గీజర్‌కి జోరు చాలట్లేదు కదా అని. రెండు రోజులు పైన మూడిళ్ళకి నీళ్ళు లేవు. ఎవరూ తిట్టలేదు, మూడో రోజు పొద్దున చూస్తే పక్కింటి మామ్మగారు మా గేటు ముందు ఖాళీ బకెట్ పెట్టి వెళ్ళిపోయింది, ఒక్క మాట లేదు, అంతే. మధ్యాహ్నానికి మోటర్ పీకేసి బకెట్ నింపి తీసుకెళ్ళి ఇచ్చా. తలుపు తీసి లోపలికి రమ్మంది గానీ ఆ రోజంతా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఊట నిండుగా ఉన్నా కింద నీళ్ళు రాకపోతే చాలాసార్లు కారణం గాలే. పైపు ఒక మిట్ట ఎక్కి దిగేచోట గాలి చేరి అడ్డం పడుతుంది. ఆ మిట్ట మీద ఎయిర్ వాల్వ్ ఉంటే తెరుస్తారు, లేకపోతే జాయింట్ కొంచెం వదులు చేస్తారు, ముందు బుస్సుమని గాలి, తర్వాత తుంపర్లు, తర్వాత మట్టిరంగు నీళ్ళు, అప్పుడు జాయింట్ బిగిస్తారు. పల్లంలో మట్టి పేరుకుంటుంది, అక్కడ అడుగు వాల్వ్ తెరిచి వదిలేయాలి. ఈ రెండూ ఎక్కడున్నాయో లైన్ చూసే మనిషితో ఒక్కసారి నడిచి చూసి రండి, గంటన్నర పని. ఆయనకి వయసు మీద పడి ఉంటుంది, లైన్ మ్యాప్ అంతా ఆయన బుర్రలోనే ఉంటుంది. ఇక్కడ మాత్రం మీరు సలహా ఇవ్వచ్చు, ఫోన్‌లో ఆ పాయింట్లన్నీ మార్క్ చేసి ప్రింట్ తీసి ఆయన చేతిలోనే పెట్టండి.

ట్యాంకు కడిగాక వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అదీ మంచి సరుకైతేనే, విడిగా నీళ్ళలో కలిపి తేర్చి పైనీళ్ళు పోయాలి, కనీసం అరగంట ఆగి వదలాలి. ఇంట్లో కాచుకునేవాళ్ళకి ఒక మాట: ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, 2000 మీటర్ల దగ్గర 93 డిగ్రీలకే పొంగొచ్చేస్తాయి, కాబట్టి అంత ఎత్తులో ఉంటే మరగడం మొదలయ్యాక ఇంకో మూడు నిమిషాలు ఉంచండి.

ఇలాంటి రూల్స్ చాలా ఊళ్ళలో ఎక్కడా రాసి ఉండవు, వంతులవారీగా నడిచిపోతుంటాయి, వాటిని మొరటు పద్ధతులు అనుకోవద్దు. స్విట్జర్లాండ్ కొండల్లో టోర్బెల్ అనే ఊరు 1517లోనే ఒకటి రాసిపెట్టుకుంది, చలికాలమంతా ఎన్ని ఆవుల్ని మేపగలవో అన్నింటినే వేసవిలో ఉమ్మడి పచ్చిక మీదకి తోలాలి అని. ఎంత తెలివైన రూలో చూడండి, కొలతలు లెక్కలు ఏం అక్కర్లేదు, పక్కింటివాడు చలికాలంలో మీ కొట్టంలోకి తొంగిచూస్తే చాలు. 2009లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి వనరుల మీద చేసిన పనిలో ఈ ఊరు గురించి వివరంగా చెప్పింది. మీ ఊళ్ళో కూడా ఇలాంటిది ఏదో ఉంటుంది, వెతకండి.

చెత్త విషయంలో పార్క్ పక్కన ఉన్నవాళ్ళకి వేరే లెక్క. ప్రపంచంలో మొదటి నేషనల్ పార్క్‌గా చెప్పుకునే ఎల్లోస్టోన్‌ని 1872లో పెట్టారు, అక్కడ దశాబ్దాల పాటు హోటళ్ళ చెత్తకుప్పల దగ్గర ఎలుగుబంట్లు తింటుంటే జనం బెంచీల మీద కూర్చుని చూసేవాళ్ళు, 1970 ప్రాంతంలో ఆ కుప్పలు మూసేసరికి అలవాటు పడ్డ ఎలుగులు మనుషులుండే చోట్లకి వచ్చాయి, వాటిలో చాలా వాటిని చంపాల్సొచ్చింది. తప్పు ఎవరిది, చచ్చింది ఎవరు. మా పెరట్లో చెత్తడబ్బా మూత మీద నాలుగు పంటిగాట్లు ఇప్పటికీ ఉన్నాయి, రెండు పైన రెండు కింద, నా బొటనవేలు దూరేంత. రాత్రి బయట పెట్టినందుకు. ఆ ఒక్క రాత్రి తర్వాత ఆ ఎలుగు రెండు వారాలు ఊళ్ళో ఇంటింటికీ తిరిగింది, అందరూ నావైపు చూశారు.

కాబట్టి చెత్త బండి వచ్చే పొద్దునే బయట పెట్టండి, ముందు రాత్రి కాదు. వాసనొచ్చేవి ఆ రోజు దాకా ఫ్రీజర్‌లో ఉంచండి, కొంచెం అసహ్యంగా ఉంటుంది కానీ పనిచేస్తుంది. డబ్బా గొళ్ళెం ఎలా ఉండాలంటే వేళ్ళు లోపలికి పెట్టి నొక్కితేనే తెరుచుకోవాలి, పంజా దూరకూడదు, పైన రాయి పెట్టడం లాంటివి ఎలుగుకి ఒక లెక్క కాదు. చెట్టు కింద రాలిన పండ్లు రోజూ ఏరేయండి, కుక్క తినగా మిగిలింది రాత్రి గిన్నెలో వదలొద్దు, కంపోస్ట్‌లో మాంసం నూనె వేయొద్దు. ఇది ఊరంతా చేస్తేనే, ముప్పై ఇళ్ళలో ఒక్కిల్లు తప్పినా ఆ ఒక్కటీ చాలు.

గొర్రెలు మేకలు ఉన్న ఊరైతే దొడ్డి గురించి. చిరుత జాతి జంతువు గోడ దూకి పైనుంచి దిగుతుంది, లోపల మంద బెదిరి అటూ ఇటూ పరిగెడితే ఒకటి రెండు కాదు, దొరికినన్నింటిని చంపేస్తుంది, తిండికి కాదు. 1981లో పెట్టిన హేమిస్ నేషనల్ పార్క్ ఉన్న లద్దాఖ్‌లో మంచు చిరుతల బాధ పడలేక ఊళ్ళలో దొడ్లకి పైన కూడా ఇనప మెష్ వేసి తలుపు సందులు లేకుండా బిగించారు, ఖర్చు ఒక్కసారే. మీకు పశువులు లేకపోయినా మెష్ లాగే రోజు ఓ చెయ్యి వేయండి. ఒకవేళ పశువు పోతే కళేబరాన్ని కదపకముందే ఫోటోలు తీయాలి, పార్క్ వాళ్ళకి ఎన్ని గంటల్లోపు చెప్తే నష్టపరిహారం వస్తుందో ముందే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోవాలి. కోపంలో ఎవరైనా కళేబరానికి విషం పూద్దాం అంటారు, ఎలాగైనా ఆపండి, చిరుత తినకపోయినా రాబందులు, ఊరి కుక్కలు చస్తాయి.

కుక్కలన్నాక గుర్తొచ్చింది, మీ కుక్కకి ఏటా టీకాలు తప్పకుండా వేయించండి, అదీ ఊరంతటికీ ఒకే రోజు క్యాంప్ పెట్టించి. ఇథియోపియాలో బేల్ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌లో చాలా అరుదైన తోడేళ్ళున్నాయి, ఊరి కుక్కల నుంచి సోకిన రేబిస్ వాటిని ఒకటికి రెండుసార్లు ఊచకోత కోసింది. పెంపుడు కుక్క పార్క్ హద్దు దాటడమంటే అంత పెద్ద విషయం.

చీకటి పడ్డాక నడవాల్సొస్తే ఇద్దరుగా వెళ్ళండి, టార్చ్ వేసుకుని గట్టిగా మాట్లాడుకుంటూ, ఇయర్‌ఫోన్స్ వద్దు. బాటకి రెండు పక్కలా పొదలు కొట్టేసి ఉంచాలి. ఎలుగు ఎదురైతే పరిగెత్తకండి, వీపు చూపించకుండా మెల్లగా వెనక్కి జరగండి.

పార్క్ వాళ్ళతో సంబంధం గురించి నా అభిప్రాయం చెప్తా, కొందరికి నచ్చదు. ఊళ్ళో పార్క్ అంటే కోపం ఉంటుంది, కట్టెలు తెచ్చుకోనివ్వరు, మేపుకోనివ్వరు అని, ఆ కోపంలో న్యాయం ఉంది, తాతల నాటి నుంచి తిరిగిన అడవికి ఒక రోజు బోర్డు పెడితే ఎవరికైనా కాలుతుంది. కొత్తగా వచ్చిన మనం ఆ గొడవలో న్యాయమూర్తులం కాదు. మనం చేయగలిగింది కాగితం పని. ఏది కోసుకోవచ్చు, ఎప్పుడు, ఎవరి అనుమతితో, అన్నీ రాతపూర్వకంగా అడిగి తేవడం. ఇంకోటి, టికెట్ల డబ్బులో ఊరికి వాటా ఉందేమో అడగడం. నేపాల్‌లో 1996 రూల్స్ ప్రకారం పార్క్ ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టూ ఉన్న బఫర్ జోన్ ఊళ్ళకి ఖర్చు పెట్టాలి, రువాండాలో గొరిల్లాలుండే పార్క్ ఉంది కదా, ఆ దేశంలో 2005లో 5 శాతంతో మొదలెట్టి 2017లో 10 చేశారు. అన్ని చోట్లా ఇలా ఉండదు, ఉన్నచోట కూడా అడగడానికి ఊరికి ఒక కమిటీ, బ్యాంక్ అకౌంట్, మీటింగ్ పుస్తకం కావాలి. ఆ పుస్తకం రాసే పని ఎవరూ తీసుకోరు, మీరు తీసుకోండి. టూరిస్టులకి గదులు ఇచ్చే ఇళ్ళుంటే వంతు పుస్తకం కూడా అందులోనే పెట్టండి, ఒకే ఇంటికి గెస్టులంతా వెళ్తే ఆ ఏడాదే ఊరు రెండు ముక్కలవుతుంది.

వానల్లో ఒక్క విషయం మాత్రం పిల్లలకి కూడా నేర్పండి. జోరువాన పడుతుండగా ఊరి పక్క వాగు పొంగితే భయం ఎలాగూ ఉంటుంది, కానీ ఉన్నట్టుండి వాగు తగ్గిపోతే ఇంకా ఎక్కువ భయపడాలి, పైన ఎక్కడో కొండచరియ జారి నీళ్ళకి అడ్డం పడిందని అర్థం, అది తెగితే ఒక్కసారిగా వస్తుంది. నిటారుగా ఉన్న స్తంభాలు వంగినా, నేల మీద కొత్త పగుళ్ళు కనిపించినా అంతే, ఆలోచించకుండా వాగు దారి వదిలి పక్కకి, ఎత్తుకి వెళ్ళిపోవాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఫోన్లు లేకపోతే ఎవరు ఏ ఇంటి తలుపు కొట్టాలి అనేది ముందే అనుకుని ఉండాలి, ముఖ్యంగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి.

తగాదా వస్తే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి, వాళ్ళింటికి వెళ్ళండి, అదీ పొద్దున పూట.

చలికాలంలో రెండు మూడు నెలలు ఊరొదిలి వెళ్తారనుకోండి, గడ్డకట్టే చోటైతే మెయిన్ వాల్వ్ కట్టేసి ఇంట్లో అన్ని కుళాయిలూ తెరిచి పైపులో నీళ్ళు ఖాళీ చేసేయండి, లేకపోతే పైపు పగిలి మీరు లేనప్పుడు ఊరి ట్యాంకంతా మీ వంటింట్లో పారుతుంది. ఫ్రిజ్ ఖాళీ, చెత్త ఖాళీ, రాలిన పండ్లు ఖాళీ. తాళం చెవి పక్కింట్లో ఇచ్చి వాల్వ్ ఎక్కడుందో తీసుకెళ్ళి చూపించండి. మా తాళం ఆ మామ్మగారి దగ్గరే ఉంటుంది, ఆ బకెట్ గోడకి తగిలించిన మేకుకే పెడుతుంది.