లైవ్‌లో స్టెడీక్యామ్ – 5వ పాఠం: కేబుల్ తగిలించాక

స్టెడీక్యామ్ అంటే నడుస్తూ తీసినా కెమెరా కుదపకుండా ఒంటికి కట్టుకునే పరికరం. ఒంటికి తొడిగేది వెస్ట్, దానికి బిగించే స్ప్రింగుల చెయ్యి ఆర్మ్, ఆ చెయ్యి మోసేది స్లెడ్: పైన కెమెరా, అడుగున బ్యాటరీ, మధ్యలో పోస్ట్ అనే నిలువు గొట్టం. అడ్డంగా పట్టి వదిలిన పోస్ట్ నిలువుకు రావడానికి పట్టే సమయం డ్రాప్ టైమ్. పోయిన పాఠంలో దాన్ని రెండున్నర సెకన్లకు పెట్టుకోమన్నాను. చాలామంది పెట్టుకున్నారు. మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు వీడియో తీసి పంపాడు. పోస్ట్‌ను అడ్డంగా పట్టి వదిలితే రెండున్నర సెకన్లకు చక్కగా నిలువుకు వచ్చింది. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ వెంటనే వచ్చిన ఆదివారం అతను ఒక రిసెప్షన్ లైవ్‌కు వెళ్లాడు. స్టేజీ పక్కన పెద్ద ఎల్ఈడీ వాల్. పెళ్లికొడుకు, పెళ్లికూతురు నడిచి వస్తుంటే వాళ్ల ముందు వెనక్కి నడుస్తూ షాట్ పట్టాడు. నాలుగడుగులు వేశాడో లేదో కెమెరా మెల్లగా కుడికి తిరగడం మొదలైంది. వేళ్లతో ఆపాడు. తిరగడం ఆగింది కానీ ఫ్రేమ్ ఒక పక్కకు ఒరిగింది. ఒరిగిన ఫ్రేమ్ ఎల్ఈడీ మీద ఇరవై అడుగుల వెడల్పున కనిపించింది. రాత్రి ఫోన్ చేసి, "అన్నా, బ్యాలెన్స్ మంచిగనే చేసిన, మరి ఎందుకు తిరిగింది?" అని అడిగాడు.

వనపర్తి నుంచి, దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే. కొందరు డ్రాప్ టైమ్ మార్చి చూశారు. ఒకరు బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి రెండు రోజులు కష్టపడ్డారు. అందర్నీ నేను అడిగింది ఒక్కటే: బ్యాలెన్స్ చేసేటప్పుడు కేబుల్ తగిలించి ఉందా? ఎవరిదీ లేదు. ఆ మాట పోయిన పాఠంలోనే నేను రాసి ఉండాల్సింది. అందుకే టాక్‌బ్యాక్ (డైరెక్టర్‌తో మాట్లాడే లైన్), టాలీ (మీ కెమెరా ఆన్ ఎయిర్‌లో ఉందని చెప్పే ఎర్ర లైట్) గురించి ఈసారి చెబుతానన్నది కొంచెమే చెబుతాను. కేబుల్ సంగతి తేలకుండా ముందుకు పోతే అవి తెలిసీ లాభం లేదు.

వెస్ట్ బిగించుకోవడం, ఆర్మ్ స్ప్రింగులు బరువుకు తగ్గట్టు తిప్పుకోవడం మీకు వచ్చు అనుకుని మొదలుపెడుతున్నాను. ఇంకో మాట. మన పెళ్లి వీడియోల వాళ్లు గింబల్ అనగానే మోటార్లు ఉండే పరికరం అనుకుంటారు. ఈ పాఠాల్లో గింబల్ అంటే అది కాదు. స్లెడ్ పోస్ట్ మీద, ఆర్మ్ వచ్చి కలిసే చోట ఉండే బేరింగుల కీలు. అందులో మోటారు లేదు, సరిచేసే బుర్ర లేదు. మీరు ఎలా తూచి పెడితే అలా నిలబడుతుంది.

ఆ కీలు ఎంత నునుపుగా తిరుగుతుందో ఒకసారి చూడండి. చిటికెన వేలి గోటితో పోస్ట్‌ను తోయండి, మొత్తం స్లెడ్ తిరుగుతుంది. పది, పదిహేను కిలోల బరువును గోరు తిప్పగలిగితే, బిరుసైన కేబుల్ తిప్పలేదా? గారెట్ బ్రౌన్ 1970లలో స్టెడీక్యామ్‌ను తయారుచేసినప్పుడు అనుకున్నది ఒక్కటే: ఆపరేటర్ ఒంటి కుదుపు కెమెరాకు చేరకూడదు. నిలువు కుదుపును ఆర్మ్ తాగేస్తుంది, మెలికను గింబల్ ఆపేస్తుంది. కెమెరా వెనక నుంచి నేరుగా నేల మీదికి ఒక కేబుల్ వేలాడదీశామంటే, ఆ రెండింటినీ దాటుకుని కుదుపు పోవడానికి మనమే దారి వేసినట్టు. ఇది చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. వెస్ట్, ఆర్మ్, స్లెడ్ అన్నీ లక్షలు పోసి కొంటారు, చివర్లో నేల మీద పరిచే అదే లావు కేబుల్‌ను తెచ్చి కెమెరాకు గుచ్చేస్తారు.

తలుపును గడియ దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది. మడతబందు దగ్గర ఎంత తోసినా కదలదు. పోస్ట్‌కు మడతబందు గింబల్. కేబుల్ స్లెడ్‌ను వదిలి బయటికి వచ్చే చోటు గింబల్‌కు ఎంత దగ్గరగా ఉంటే, దాని లాగుడు అంత తక్కువ. కెమెరా వెనక నుంచి బయటికి వచ్చిందంటే గడియ దగ్గర తోసినట్టే. అయితే చోటు ఒక్కటే చాలదు. గింబల్ పక్క నుంచి వచ్చినా కేబుల్ బిరుసుగా ఉంటే అది స్ప్రింగులా మెలి తిప్పుతుంది. లాగుడును చోటు ఆపుతుంది, మెలికను మెత్తదనం ఆపుతుంది. రెండూ కావాలి.

కాబట్టి కేబుల్‌ను మూడు ముక్కలుగా అనుకోండి. కెమెరా నుంచి పోస్ట్ వెంబడి గింబల్ దాకా మొదటిది. దీన్ని కెమెరా కూర్చునే పలకకు (స్టేజ్ అంటారు), పోస్ట్‌కు అంటించేయండి, ఎక్కడా ఊగకూడదు. మీ స్లెడ్ పోస్ట్ లోపలే వీడియో లైన్ ఉంటే దాన్నే వాడండి. గింబల్ పక్క నుంచి ఆర్మ్ చివర దాకా రెండోది. ఇది దొరికినంతలో సన్నటి, మెత్తటి కేబుల్ కావాలి. జానెడు వదులు సున్నాలా వేలాడాలి, కెమెరాను అటూ ఇటూ సగం చుట్టు తిప్పినా బిగుసుకోకూడదు. అక్కడి నుంచి ఆర్మ్ వెంబడి వెస్ట్ నడుము దాకా పోయి, అక్కడ గట్టిగా కట్టాలి. మూడోది ఆ నడుము దగ్గర జాయింటర్‌తో కలిసే లావు కేబుల్, కెమెరాలను మార్చే స్విచర్ దాకా పోయేది. సన్న కేబుల్ మీద ఎస్‌డీఐ (వీడియో) సిగ్నల్ దూరం పోదు, లావు కేబుల్ మెత్తగా వంగదు. అందుకే రెండు రకాలు. కట్టడానికి నేను జిప్ టైలు వాడను, నూలు నాడా వాడతాను. ముడి ఒక్క లాగుతో ఊడుతుంది, సన్న కేబుల్‌ను కోయదు.

నడుము దగ్గర కట్టు ఎందుకో నాకు చెర్వుగట్టు జాతరలో తెలిసింది. మాఘమాసం, తెల్లవారుజాము, మంచి చలి. ఒక ఛానెల్‌కు లైవ్. రాత్రంతా చుట్టి ఉన్న కేబుల్ చలికి తీగలా బిగుసుకుపోయింది. అప్పటికి నేను కేబుల్‌ను నేరుగా కెమెరాకే పెట్టేవాణ్ని. జనం మధ్యలోంచి నడుస్తుంటే ఎవరో భక్తుడు చూసుకోక కేబుల్ మీద కాలు వేశాడు. నా ఒంటికి ఏమీ తెలియలేదు. పోస్ట్ మాత్రం వెనక్కి లాక్కుపోయి, గుడి గోపురం ఉండాల్సిన చోట ఆకాశం వచ్చింది. ఆన్ ఎయిర్‌లో ఉన్నాను. వేళ్లతో కిందికి దించేసరికి మూడు సెకన్లు పట్టింది. ఇప్పుడు ఎవరైనా తొక్కితే నా నడుముకు లాగుడు తగులుతుంది. నేను ఆగుతాను, కెమెరా నిలబడుతుంది.

అంతా కట్టాక పరీక్ష. గోడ మీద ఒక గుర్తు పెట్టి కెమెరాను దానికి గురి చూడండి, పోస్ట్ వదిలేయండి. నిలబడిందా? ఇప్పుడు తొంభై డిగ్రీలు ఎడమకు తిప్పి వదలండి. అక్కడే నిలబడితే సరే. మెల్లగా వెనక్కి వస్తే మీ సున్నా చిన్నది, లేదా కేబుల్ బిరుసు. కుడికీ అంతే. తర్వాత కెమెరాను కొంచెం కిందికి, కొంచెం పైకి వంచి చూడండి. ఇవన్నీ అయ్యాకే మళ్లీ డ్రాప్ టైమ్ చూడండి, కేబుల్ తగిలించే ఉంచి. పోయిన పాఠం రెండున్నర సెకన్లు ఇక్కడ కొలవాలి.

"వైర్‌లెస్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు కదా" అని ఇద్దరు అడిగారు. ఉండదు, కానీ వేరేది ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ బరువు కెమెరా మీదికి వస్తుంది కాబట్టి అది పెట్టే బ్యాలెన్స్ చేయాలి. జనం మధ్యలో మనుషుల ఒళ్లే సిగ్నల్‌ను మింగేస్తాయి, రిసీవర్‌ను ఎత్తైన స్టాండ్ మీద పెట్టాలి. ఆలస్యం ఇంకోటి. మన దగ్గర సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేమ్ 40 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములు ఆలస్యమైతే 120 మిల్లీసెకన్లు. డప్పు శబ్దం ఆడియో మిక్సర్ నుంచి నేరుగా వచ్చేస్తుంది, పుల్ల డప్పును తాకడం ఆ తర్వాత కనిపిస్తుంది. డప్పు కొట్టేవాళ్ల చేతులు దగ్గరగా చూపించాలంటే నేను కేబులే అడుగుతాను. పెద్దగట్టు జాతర లాంటి చోట దూరం నడవాలంటే వైర్‌లెస్‌కు ఒప్పుకుంటాను.

కేబుల్ పట్టే తమ్ముడు మీతో పనిచేసే మనిషి. షూటింగ్‌కు ముందు పది నిమిషాలు ఆయనతో నడవండి. చేతిలో రెండు చుట్లు ఉంచుకోమనండి. మానిటర్ చూడొద్దు, నా కాళ్లు చూడమని చెప్పండి. వెనక్కి నడిచేటప్పుడు ఆయన చెయ్యి మీ వెస్ట్ వెనక ఉండాలి. ఒకసారి తడితే ఆగాలి, రెండుసార్లు తడితే మెట్టు. ఎవరినో అప్పటికప్పుడు ఇస్తామంటే నేను ఒప్పుకోను, నా పేమెంట్‌లోంచి ఇచ్చి అయినా నాకు అలవాటైన మనిషినే తెచ్చుకుంటాను.

జూమ్ గురించి ఒక్క మాట. మిర్రర్‌లెస్ కెమెరాల జూమ్ లెన్సులు చాలావరకు జూమ్ చేస్తే ముందుకు సాగుతాయి, దాంతో ముక్కు బరువెక్కి కెమెరా వంగుతుంది. వైడ్‌లో ఉంచి మీరే దగ్గరికి నడవండి.

టాలీకి వస్తాను. ఎర్ర లైట్ ఆరగానే చాలామంది చేతులు వదిలేస్తారు, లేదా వేరే చోటికి గబగబా పోతారు. డైరెక్టర్ వెంటనే మళ్లీ మీకే రావచ్చు. లైట్ ఆరాక మనసులో రెండు లెక్కపెట్టండి, షాట్ పట్టే ఉంచండి. తర్వాత "3 ఫ్రీ" (మీది మూడో కెమెరా అనుకుంటే) అని చెప్పి కదలండి. టాక్‌బ్యాక్‌లో "3 రెడీ" అన్నప్పుడు మీరు ఆగి ఉండాలి, అప్పుడు ఫ్రేమ్ వెతుక్కోకూడదు.

ఇక సాధన. ఇంటి ముందు ముగ్గుపిండితో నాలుగు మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా గీత గీయండి. మధ్యలో ఒక బిందె పెట్టండి, దాన్నే బతుకమ్మ అనుకోండి. కేబుల్ తగిలించి, వెనక ఒక మనిషితో, బిందె ఫ్రేమ్ మధ్యలో ఉండేలా ఆ గీత మీద పది చుట్లు ఇటు, పది చుట్లు అటు నడవండి. చుట్టూ తిరిగేటప్పుడు స్లెడ్ అడుగు బయటికి ఒరగాలని చూస్తుంది. సెకనుకు ఒక మీటరు నడిచినా ఆ ఒరుగు ఒకటిన్నర డిగ్రీ దాకా వస్తుంది, వెనకున్న ఇంటి గోడ అంచు దాన్ని పట్టిస్తుంది. అడుగున బరువు ఎక్కువుంటే దాన్ని ఆపడానికి వేళ్లకు ఎక్కువ బలం కావాలి, కాబట్టి ఈ ఒక్క సాధనకు అడుగు భారం తగ్గేలా డ్రాప్ టైమ్‌ను మూడు సెకన్లకు పెంచుకోండి. మూడో చుట్టుకు నడుము నొప్పి పుడితే ఆపి వెస్ట్ చూసుకోండి, భరించి నడవొద్దు. ఇరవై చుట్లలో కేబుల్ ఎన్నిసార్లు మీ కాళ్లకు తగిలిందో కేబుల్ పట్టిన తమ్ముణ్ని లెక్కపెట్టమనండి. సున్నా వచ్చే దాకా రోజూ సాయంత్రం చేయండి. సున్నా వచ్చాక, సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్లు తిరిగే దిశకు ఎదురు దిశలో ఎలా నడవాలో ఆరో పాఠంలో చూద్దాం.