మేఘంలో చూపు కొలవాలంటే లేజర్ కన్నా ముందు లెక్క

విమానానికి దృశ్యత సెన్సర్ తయారుచేద్దామని వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది ఏ లేజర్ వాడాలనే. లేజర్ సంగతి తర్వాత, కాంతి గాలిలో ఎంత దూరం నడుస్తుందో చెప్పమంటాను. సగం డిజైన్ అక్కడే తేలిపోతుంది.

లెక్క ఇలా వేయండి. మేఘంలో ఘన సెంటీమీటరుకు 100 బిందువులు, ఒక్కోదాని వ్యాసార్ధం 10 మైక్రాన్లు అనుకుందాం. బిందువు తన అడ్డుకోత వైశాల్యానికి దాదాపు రెట్టింపు కాంతిని తప్పిస్తుంది కనుక క్షీణత గుణకం, అంటే కాంతి ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే సంఖ్య, మీటరుకు 0.063 వస్తుంది. కాంతి 5 శాతానికి పడిపోయే దూరాన్ని దృశ్యత అంటారు. అంతగా పడిపోవాలంటే గుణకాన్ని దూరంతో హెచ్చిస్తే దాదాపు 3 రావాలి కాబట్టి 3ను గుణకంతో భాగించండి: సుమారు 48 మీటర్లు. సెన్సర్‌లో కాంతి నడిచే రెండు మీటర్ల మార్గంలో 12 శాతం కాంతి పోతుంది, హాయిగా కొలవొచ్చు. అదే 10 కిలోమీటర్లు కనిపించే మసక గాలిలో పోయేది 0.06 శాతమే. రెక్క ఒక్కసారి అదిరితే అంతకు మించిన తేడా వస్తుంది.

అందుకే మేఘానికి క్షీణతను నేరుగా కొలవండి, మసకకు పక్కకు చెదిరిన కాంతిని పట్టండి. రెండింటినీ ఒకే పెట్టెలో ఇరికించే ఆశ మాత్రం పెట్టుకోకండి. మొదటిదానికి, వచ్చిన దారినే కాంతిని తిప్పి పంపే అద్దం ఎదురుగా పెడితే మార్గం రెట్టింపవుతుంది. రెండోది నల్లని పొగ మింగేసిన కాంతిని చూడలేదు, కాబట్టి అక్కడ దృశ్యతను ఎక్కువ చేసి చెబుతుంది.

ఎండతో పేచీ తప్పదు. కాంతిని కొన్ని కిలోహెర్ట్జ్ వేగంతో మినుకుమనిపించి, ఆ లయలో వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఎండకు డిటెక్టరే నిండిపోతే ఏ సర్క్యూటూ కాపాడదు. కనుక మన కాంతి రంగు చుట్టూ సన్నని పట్టీని మాత్రమే వదిలే ఫిల్టర్ దాని ముందే ఉండాలి.

సెన్సర్‌ను విమానం ఒంటికి అంటించకండి, అక్కడ గాలి ప్రవాహం చెదిరి ఉంటుంది. మంచు స్ఫటికాలు దాని కొనలకు కొట్టుకుని ముక్కలై, లేని కణాలను ఉన్నట్టు చూపిస్తాయి. ముక్కలు కొలిచే చోటికి కాక బయటికి ఎగిరేలా కొనలను చెక్కాలి.

చలిలో ఎగిరి తేమ గాలిలోకి దిగగానే సెన్సర్ కిటికీ అద్దంపై ఆవిరి పట్టి, నిర్మలాకాశంలోనూ మేఘం కనిపిస్తుంది. హీటర్‌ను దిగడానికి ముందే వేయండి, లోపల పొడి నైట్రోజన్ నింపండి. నేల మీదికి వచ్చాక అద్దం తుడిచే చెయ్యిని ఆపండి. ముందు ప్రామాణిక పలకతో, అంటే ఎంత రీడింగ్ రావాలో ముందే తెలిసిన పలకతో, ఒక రీడింగ్, తుడిచాక మరొకటి తీసుకోండి. ఆ రెండింటి తేడానే ఆ ప్రయాణపు మురికి.